సూయజ్‌లో గండి పడితే చివరాయకట్టు మనది

కె.సి. కాలువ (కర్నూలు–కడప కాలువ) కింద సేద్యం చేసేవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గర గేటు దించిన రోజే కడప దిక్కు పొలాలకు ఆ కబురు అందదు. కాలువలో ఉన్న నీళ్ళు కొన్నాళ్ళు పారతాయి. తర్వాత ఒక్కో తూము దగ్గరా మట్టం జారుతుంది. పైవాళ్ళు తమ మడి తడుపుకున్నాక మిగిలింది కిందికి వస్తుంది. చివరాయకట్టు ఎండేసరికి పైన గేటు మళ్ళీ ఎత్తి ఉంటారు కూడా.

సూయజ్ కాలువకూ రాయలసీమకూ ఉన్న సంబంధం ఇంతే. అక్కడ గొడవ మొదలైన నెలకో, మూడు నెలలకో మన దగ్గర ఏదో ఒకటి ఆగుతుంది. ఆగింది డీఏపీ ఎరువు బస్తా కావచ్చు, తాడిపత్రి నుంచి పోవాల్సిన బండల లోడు కావచ్చు. అప్పటికి టీవీలో వార్త మారిపోయి ఉంటుంది కాబట్టి దానికీ దీనికీ ముడి వేసేవాళ్ళు ఉండరు. వేసేవాళ్ళు మరీ ఎక్కువగా వేసి, ఉల్లిపాయ ధర పడినా ఎర్ర సముద్రమే కారణమంటారు. రెండూ తప్పే.

కాలువల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. ఆ రెండూ ఒక ఈడువే. ఈజిప్టులో సూయజ్ తవ్వుతున్న 1860లలోనే ఇక్కడ మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కర్నూలు–కడప కాలువ తవ్వించింది, సాగుకే కాదు పడవల రవాణాకు కూడా. పొడవులో మనదే పెద్దది: సూయజ్ 193 కిలోమీటర్లు, కె.సి. కాలువ దాదాపు 306. సూయజ్ 1869 నవంబరు 17న తెరుచుకుని ప్రపంచ వర్తకాన్ని తిప్పేసింది. మన కంపెనీ మాత్రం నష్టాల్లో మునిగి 1882లో కాలువను సర్కారుకు అప్పజెప్పింది. పడవలు పోయాయి, నీళ్ళు మిగిలాయి. ఒకరకంగా మనకు అదే మేలైంది.

అసలు సంగతికి వద్దాం. ఎర్ర సముద్రం గొడవలో ముందు రెండు చోట్లను విడదీసి చూడాలి. పైన ఉన్నది సూయజ్, మధ్యధరా సముద్రానికీ ఎర్ర సముద్రానికీ మధ్య. కింద ఉన్నది బాబ్ ఎల్ మందెబ్ జలసంధి, ఎర్ర సముద్రం నుంచి మన అరేబియా సముద్రం వైపు బయటపడే సందు. బాగా ఇరుకైన చోట దాని వెడల్పు 30 కిలోమీటర్ల లోపే. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసింది పైన, సూయజ్‌లో. 2023 నవంబరు 19న గెలాక్సీ లీడర్ ఓడను యెమెన్‌లోని హూతీ సాయుధులు పట్టుకోవడంతో మొదలైన గొడవ కిందిది. ఈ రెండో దాంట్లో కాలువ ఒక్కరోజు కూడా మూతపడలేదు, గేటు ఎత్తే ఉంది. ఓడలే అటు పోవడం మానేశాయి. డిసెంబరు మధ్యలో మేర్స్క్, ఎంఎస్‌సీ, హపాగ్ లాయిడ్, సీఎంఏ సీజీఎం లాంటి పెద్ద ఓడ సంస్థలన్నీ ఆఫ్రికా చుట్టూ, గుడ్ హోప్ అగ్రం మీదుగా తిప్పుకోవడం మొదలుపెట్టాయి. మన దేశం నుంచి యూరప్‌కు పది నుంచి పద్నాలుగు రోజులు అదనం. ఈజిప్టుకు 2023లో కాలువ మీద వెయ్యి కోట్ల డాలర్లకు పైగా వచ్చిన రాబడి 2024లో 400 కోట్లకు పడిపోయింది.

మూడోది హోర్ముజ్ జలసంధి, పర్షియన్ గల్ఫ్ నుంచి బయటపడే సందు. దాన్ని తెచ్చి ఇందులో కలపకూడదు. సౌదీ, ఇరాక్, ఎమిరేట్స్ నుంచి మనకొచ్చే ముడి చమురుకు ముఖ్యమైన దారి హోర్ముజ్. సూయజ్ వైపు నుంచి వచ్చేది రష్యా చమురు, అదీ బాల్టిక్, నల్ల సముద్రం రేవుల నుంచి. రష్యా, చైనా ఓడల జోలికి పోమని హూతీలే చెప్పారు కాబట్టి ఆ చమురు చాలావరకు పాత దారినే వచ్చింది. అందుకే ఎర్ర సముద్రంలో క్షిపణులు పడుతున్న 2024 మార్చి 15న మన బంకుల్లో పెట్రోలు, డీజిలు లీటరుకు 2 రూపాయలు తగ్గాయి. ఎన్నికల ముందు తగ్గించారన్న మాట నిజమే. తగ్గించే వీలు ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు బండల లెక్క. ఇది కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే దూరప్రాంతపు రవాణా చార్జీ నేరుగా కొట్టేది ఈ సరుకునే. కడప నల్ల బండకు ఇంగ్లండు ఇళ్ళ పెరడుల్లో పరుపు రాయిగా మంచి గిరాకీ ఉంది. పాలిష్ ఫ్యాక్టరీ నుంచి చెన్నై వైపు రేవులకు లారీలో పోయి, అక్కడినుంచి కంటైనర్ పెట్టెలో ఓడెక్కుతుంది.

22 మిల్లీమీటర్ల మందం బండ తీసుకుందాం. సున్నపురాయి ఘనపు మీటరుకు 2.7 టన్నులు తూగుతుంది, అంటే చదరపు మీటరు బండ 59 కిలోలు. ఇరవై అడుగుల పెట్టెలో 27 టన్నులు వేసి, అందులో చెక్క క్రేట్ల బరువు ఒక టన్ను తీసేస్తే బండ 26 టన్నులు. అది దాదాపు 437 చదరపు మీటర్లు, మన లెక్కలో 4,700 చదరపు అడుగులు. పెట్టెలో 33 ఘనపు మీటర్ల చోటుంటే బండ ఆక్రమించేది పదికి లోపే. మూడింట రెండు వంతులు ఖాళీ గాలికి కూడా బాడుగ కడుతున్నామన్న మాట. ఇప్పుడు ఓడ బాడుగ పెట్టెకు 1,500 డాలర్లు పెరిగిందనుకుందాం. డాలరు 83 రూపాయల చొప్పున లక్షా 24 వేల 500. చదరపు అడుగు మీద 26 రూపాయలు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ ధర అడుగుకు 50 రూపాయలనుకున్నా సగానికి పైగా భారం ఓడ మీదే పెరిగినట్టు. అదే పెట్టెలో 4 లక్షల డాలర్ల మందులు ఉంటే 1,500 డాలర్లు వాళ్ళకు చిల్లర. అందుకే ఎర్ర సముద్రం గొడవకు హైదరాబాదు మందుల కంపెనీ మూలిగితే తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీ రంపం ఆపుకుంటుంది.

1,500 డాలర్లు ఊహించి వేసిన అంకె. అసలు మార్కెట్టు ఇంతకన్నా దారుణంగా ఊగింది. షాంఘై నుంచి రోటర్‌డామ్‌కు 40 అడుగుల పెట్టె 2023 నవంబరులో 1,500 డాలర్ల లోపు ఉంటే 2024 జూలైలో 8,000 దాటింది. చైనా బాడుగతో మనకేం పని అనుకోకూడదు. ఓడల వాళ్ళు ఖాళీ పెట్టెలను ఎక్కువ బాడుగ వచ్చే చోటికి తోలుకుపోతారు. చెన్నైలో పెట్టె దొరక్కపోవడానికి సగం కారణం అది.

మిగతా సగం కూడా లెక్కే. వారానికో ఓడ నడిపే సర్వీసులో రానుపోను ఎన్ని వారాలు పడితే అన్ని ఓడలు కావాలి. 70 రోజుల చుట్టు అయితే పది ఓడలు. ఆఫ్రికా చుట్టూ తిరిగి అది 98 రోజులైతే పద్నాలుగు. అదనపు నాలుగు ఓడలు రాత్రికి రాత్రి పుట్టవు. కాబట్టి కొన్ని వారాలు ఓడ రాదు, ‘బ్లాంక్ సెయిలింగ్’ అని ఒక మెయిలు వస్తుంది అంతే. ఆ వారం పెట్టెలన్నీ తర్వాతి ఓడకు తోస్తారు. అందులో బరువైన, తక్కువ బాడుగ కట్టే పెట్టెలు ముందు కిందికి దిగుతాయి. బండలు ఆ వరసలో మొదటివి.

ఇక్కడే బ్యాంకు కాగితం తగులుకుంటుంది. ఎల్‌సీలో, అంటే కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీలో, ఆఖరి షిప్‌మెంట్ తేదీ 20 అని ఉండి, ఓడ కంపెనీ ఇచ్చే రసీదు అయిన బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఓడెక్కిన తేదీ 27 పడితే ఆ కాగితాలు తేడా కాగితాలే. సరుకు మంచిదే, పెట్టె రేవుకు టైముకే చేరింది, గేటు రసీదు ఉంది. అవేవీ పనికిరావు. కొనుగోలుదారు ఒప్పుకుంటేనే బ్యాంకు డబ్బిస్తుంది, వాడు ఒప్పుకోవడానికి ఎంతో కొంత తగ్గింపు అడుగుతాడు. ఓడెక్కిన 21 రోజుల్లో, ఎల్‌సీ గడువు లోపల కాగితాలు బ్యాంకులో పెట్టాలన్న నియమం ఎలాగూ ఉంది. అందుకని ఓడలు తోసేస్తున్న కాలంలో ఆఖరి తేదీకి కనీసం మూడు వారాల వెసులుబాటు ఉండేలా ఎల్‌సీ తెరవమని అడగడం తెలివి. తర్వాత సవరణ చేయించుకుంటే ప్రతి సవరణకూ చార్జీ, పైగా బతిమాలుకోవడం.

ఆలస్యం మీద వడ్డీ ఎంతవుతుందని చాలామంది ముందుగా లెక్కేస్తారు. అది చిన్నది. పది లక్షల బిల్లు మీద 10 శాతం వడ్డీకి పదిహేను రోజులంటే 4,110 రూపాయలు. అసలు దెబ్బ బ్యాంకు ఇచ్చిన అప్పు లిమిటు తిరగడంలో పడుతుంది. 60 లక్షల లిమిటు 60 రోజులకోసారి తిరిగితే ఏడాదికి మూడు కోట్ల 65 లక్షల వ్యాపారం. అదే 75 రోజులకోసారి తిరిగితే రెండు కోట్ల 92 లక్షలు. ఒక్క రాయి పగలకుండా, ఒక్క ఆర్డరు పోకుండా ఐదో వంతు వ్యాపారం తగ్గింది. ఈ గొడవ మొత్తంలో పట్టుకోవాల్సిన అంకె బాడుగ కన్నా రోజులదేనని నా లెక్క.

ప్యాకింగు సంగతి కూడా చెప్పుకోవాలి. ఆఫ్రికా చుట్టు తిరిగే పెట్టె భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. వేడి, చలి, మళ్ళీ వేడి. పెట్టె పైకప్పు లోపలివైపు నీళ్ళు పట్టి బండల మీద చుక్కలుగా కారతాయి. రంపం నుంచి వచ్చిన బండను తడి ఆరకముందే ఒకదానికొకటి ఆనించి క్రేటులో కడితే ఆ తేమ మధ్యలోనే ఉండిపోయి మరకలు కడుతుంది, నల్ల బండ మీద తెల్లగా. పాత దారిలో బతికిపోయిన సరుకు ఈ దారిలో బతకదు. బండను బాగా ఆరనిచ్చి, మధ్య సన్న ప్లాస్టిక్ పట్టీలు పెట్టి, తేమ పీల్చే సంచులు వేలాడదీయాలి. క్రేటు చెక్క పచ్చిది కాకూడదు. వేడి శుద్ధి ముద్ర ఉన్నంత మాత్రాన చెక్క ఎండిందని అర్థం కాదు.

బీమా దగ్గర ఇంకా పెద్ద పొరపాట్లు. సరుకు బీమాల్లో అన్నిటికన్నా విస్తారమైన ‘ఏ’ క్లాజులు తీసుకున్నా యుద్ధం అందులో రాదు, దానికి వేరే పూచీ కొనాలి. ఆ యుద్ధ పూచీ కూడా సరుకు ఓడ మీద ఉన్నంతసేపే, గోడౌనులో ఉన్నప్పుడు కాదు. ఇక ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని ఏ క్లాజూ కట్టదు. ఓడకు ఏదైనా జరిగి ఆ ఓడ ఆలస్యమైనా సరే, ఆలస్యం ఆలస్యమే. అనంతపురం, పులివెందుల అరటికి ఇది ప్రాణం మీది మాట. ముప్పావు వంతు ముదిరిన గెల కోసి, 13 డిగ్రీల చుట్టూ ఉంచిన చల్లటి పెట్టెలో పంపే కాయ రోజులు లెక్కపెట్టుకుని బతుకుతుంది. అదృష్టం కొద్దీ మన అరటి ఎక్కువగా పోయేది గల్ఫ్‌కు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు రైలెక్కిన మొదటి లోడు కూడా ఆ దిక్కుకే. ఆ దారిలో బాబ్ ఎల్ మందెబ్ రాదు. రేపు యూరప్‌కు పంపాలని ఉత్సాహపడే వాళ్ళు మాత్రం పద్నాలుగు రోజులు కలిపి చూసుకుని దిగాలి.

ఎవర్ గివెన్ నేర్పిన పాఠం ఇంకోటి. దాన్ని లాగి బయటపడేసిన ఖర్చును ‘జనరల్ యావరేజ్’ కింద సరుకు యజమానులందరికీ పంచారు. ఓడలో మన పెట్టె చెక్కుచెదరకపోయినా వాటా తప్పదు. బీమా ఉన్నవాడి తరఫున కంపెనీ హామీ రాసింది. లేనివాడు నగదు డిపాజిట్టు కడితేనే సరుకు చేతికొస్తుంది. ఎఫ్‌ఓబీ మీద, అంటే ఓడెక్కించేదాకే మా పూచీ అన్న షరతు మీద అమ్మాం, ఓడెక్కాక మాకేం సంబంధం అనేవాళ్ళుంటారు. డబ్బు పూర్తిగా చేతికి రానంతవరకు సంబంధం ఉన్నట్టే.

ఇక డీఏపీ. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం నల్లరేగళ్ళలో శనగ విత్తేది అక్టోబరు, నవంబరులో. పదును పోకముందే విత్తాలి, విత్తేటప్పుడే భాస్వరం వేయాలి, శనగకు మళ్ళీ వేసే అవకాశం లేదు. కాబట్టి ఈ పంటకు డీఏపీ నవంబరు ఆఖరులో వచ్చినా రానట్టే.

2024లో కొరత ఎందుకొచ్చిందని కేంద్రాన్ని అడిగితే, ఎర్ర సముద్రం గొడవ వల్ల ఎరువుల ఓడలు 6,500 కిలోమీటర్లు ఎక్కువ తిరగాల్సి వచ్చిందన్నారు. నిజమే. కానీ అది జవాబులో కొంత భాగమే. ఎంత భాగమో లెక్క కట్టొచ్చు. ఎరువుల ఓడ గంటకు 24 కిలోమీటర్ల చొప్పున పోతే 6,500 కిలోమీటర్లకు పదకొండు రోజులు. రోజుకు 25 టన్నుల ఇంధనం, టన్ను 600 డాలర్లు, ఓడ అద్దె రోజుకు 15 వేల డాలర్లు అనుకుంటే మొత్తం అదనపు ఖర్చు 3 లక్షల 30 వేల డాలర్లు. ఓడలో 45 వేల టన్నులుంటే టన్నుకు ఏడు డాలర్ల పైచిలుకు, అంటే 50 కిలోల బస్తాకు 30 రూపాయలు. సూయజ్ టోలు మిగులుతుంది కాబట్టి అది కూడా తీసేస్తే ఇంకా తక్కువ. 30 రూపాయలకు బస్తా మాయం కాదు.

మాయమైంది ఇంకో లెక్కలో. అప్పుడు డీఏపీ బస్తా ఎమ్మార్పీ 1,350 రూపాయలు, కదలదు. టన్నుకు 27,000. 2024-25 రబీకి కేంద్రం ఇచ్చిన పోషక ఆధారిత సబ్సిడీ టన్నుకు 21,911, దాని మీద ప్రత్యేక ప్యాకేజీ 3,500. అంతా కలిపితే 52,411 రూపాయలు. ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో విదేశీ ధర 630 డాలర్ల చుట్టూ ఉంది. డాలరు 84 చొప్పున 52,920. దిగుమతి సుంకం 5 శాతం, రేవు ఖర్చు, బస్తాకెత్తడం, రైలు తర్వాతి రవాణా, డీలరు కమీషను ఇంకా వేయనేలేదు. తెచ్చే ప్రతి టన్ను మీదా నష్టమని తెలిసినవాడు ఓడ బుక్ చేయడు, లేదా సర్కారు ఇంకొంచెం ఇస్తుందేమోనని ఆగుతాడు. చైనా భాస్వరం ఎగుమతులను బిగబట్టడం దీనికి తోడు. అలా ఆగిన రోజులు, ఆఫ్రికా చుట్టు తెచ్చిన పదకొండు రోజులు కలిసి అక్టోబరును దాటించేశాయి. ధర కదలనివ్వని సరుకులో సంక్షోభం ధరగా కనిపించదు, క్యూగా కనిపిస్తుంది. డీలరును తిట్టినా, రైతు సేవా కేంద్రం ముందు ధర్నా చేసినా, జిల్లా అధికారి ఎరువుల రైలు (రేక్) వస్తోందని చెప్పినా, ఆ లెక్క ఢిల్లీలో మారాలి.

ఏ ఓడ ఎక్కణ్ణుంచి వస్తోందన్నది కూడా ముఖ్యం. సౌదీ డీఏపీ రాస్ అల్ ఖైర్ నుంచి వస్తుంది, అది పర్షియన్ గల్ఫ్ వైపు, దానికి ఈ గొడవ లేదు. మొరాకో సరుకు అట్లాంటిక్ రేవులో ఎక్కుతుంది, ఆఫ్రికా చుట్టు రావడం దూరమే గానీ అసాధ్యం కాదు. అందరికన్నా ఇరుక్కునేది జోర్డాన్. దాని ఒకే ఒక్క రేవు అకాబా ఎర్ర సముద్రం ఉత్తర కొసన ఉంది. మామూలుగా సూయజ్ అవసరమే లేకుండా నేరుగా కిందికి దిగి మన దగ్గరికి వచ్చేస్తుంది. బాబ్ ఎల్ మందెబ్‌కు భయపడితే పైకి పోయి సూయజ్ దాటి, మధ్యధరా మొత్తం ఈది, జిబ్రాల్టర్ దగ్గర బయటపడి ఆఫ్రికా అంతా చుట్టి రావాలి. పక్క వీధికి పోవడానికి ఊరు చుట్టి వచ్చినట్టు. పొటాష్‌కూ ఇదే బాధ. ఎరువు సముద్రం పాలైన ఉదాహరణ కూడా ఉంది: 2024 ఫిబ్రవరిలో దెబ్బతిని మార్చిలో మునిగిన రూబీమార్ ఓడలో 21 వేల టన్నుల ఎరువు పోయింది. మన రైలు రేక్ ఒకటి సుమారు 2,600 టన్నులు అనుకుంటే ఎనిమిది రేకులు.

డీఏపీ దొరకనప్పుడు ఎకరా శనగకు ఏం వేయాలి? ఒక బస్తా డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల యూరియా వేస్తే 24 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని అందుతాయి, పైగా 16 కిలోల గంధకం ఉచితం. కాగితం మీద ఇది మెరుగైన మందు. చేలో చిక్కు వేరు. ఒకటి పోయే చోట మూడు బస్తాలు మోయాలి, ట్రాక్టరు గొర్రు డబ్బా మూడు రెట్లు ఎక్కువసార్లు నింపాలి, పొడి సూపర్ అయితే తేమకు గడ్డకట్టి గొట్టాల్లో ఇరుక్కుంటుంది. సగం సాళ్ళకు ఎరువు పడలేదని మొలక వచ్చాకే తెలుస్తుంది. గుళికల సూపర్ కొనాలి, లేదా పొడిని ఆఖరి దుక్కికి ముందే చల్లేయాలి. 20-20-0-13 కాంప్లెక్స్ ఎరువు రెండు బస్తాలు వేసే అలవాటు పెరిగింది గానీ శనగకు 20 కిలోల నత్రజని ఎక్కువ. చెట్టు ఏపుగా పెరుగుతుంది, గాలి నుంచి నత్రజని పట్టే వేరు బుడిపెలు సోమరులవుతాయి. ఇంకో మాట, సూపర్ తయారయ్యే రాక్ ఫాస్ఫేట్ కూడా ఈజిప్టు, జోర్డాన్‌ల నుంచి ఆ ఎర్ర సముద్రంలోనే వస్తుంది. కాకపోతే ఫ్యాక్టరీ మన దేశంలో ఉంటుంది, నిల్వ ఉంటుంది. సెప్టెంబరు మొదట్లోనే కొని పెట్టుకుంటే సరిపోతుంది.

వంటనూనె దగ్గర కథ తిరగబడుతుంది. ఒకప్పుడు వేరుశనగకు దేశమంతా పేరుమోసిన అనంతపురంలో ఇవాళ ఇళ్ళలో వాడేది ఎక్కువగా సన్‌ఫ్లవర్ ప్యాకెట్టు. ఆ నూనె ఉక్రెయిన్, రష్యా రేవుల్లో ఎక్కి నల్ల సముద్రం, సూయజ్, బాబ్ ఎల్ మందెబ్ మూడూ దాటి కృష్ణపట్నం, కాకినాడ చేరుతుంది. కాబట్టి 2024 దసరా ముందు ప్యాకెట్టు ధర ఎగిరినప్పుడు దుకాణాల్లో వినపడ్డ మాట యుద్ధం. అసలు కారణం సెప్టెంబరు 14. ఆ రోజు నుంచి ముడి సన్‌ఫ్లవర్, సోయా, పామాయిల్ మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. టన్ను వెయ్యి డాలర్లనుకుంటే ఆ 22 శాతం కిలోకు 18 రూపాయలు. చుట్టు తిరిగి వచ్చినందుకు టన్నుకు 20 డాలర్లు పెరిగాయనుకున్నా కిలోకు రూపాయిన్నర పైచిలుకే. ఆ సుంకం వేరుశనగ, సోయా రైతు కోసం అన్నారు. అప్పుడు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 6,783. 2025 మే ఆఖరులో సుంకాన్ని మళ్ళీ 16.5కు దించారు, ఈసారి కొనేవాళ్ళ కోసం. ఓడలు ఆఫ్రికా చుట్టు తిరుగుతున్న కాలంలోనే ఈ రెండూ జరిగాయి. నూనె ధర తేల్చేది ముందు నోటిఫికేషను, తర్వాతే సముద్రం.

ఉల్లి కూడా అంతే. 2023 డిసెంబరు 8న ఎగుమతి నిషేధం పడింది, 2024 మే 4 దాకా సాగింది. మన ఉల్లి పోయే బంగ్లాదేశ్, మలేషియా, శ్రీలంక, దుబాయ్‌లలో ఒక్కటి కూడా సూయజ్ అవతల లేదు. కర్నూలు యార్డులో ధర పడితే ఎర్ర సముద్రాన్ని అనడం దానికి అన్యాయం చేయడమే.

ఢిల్లీ రాజకీయానికి ఈ కాలువ కొత్తది కాదు. 1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ దాన్ని జాతీయం చేసినప్పుడు లండన్ సమావేశంలో మన దేశం తరఫున రాజీ ప్రతిపాదన పట్టుకుని తిరిగింది కృష్ణమీనన్. నెహ్రూ ఈజిప్టు పక్షాన మాట్లాడారు. అదే ఏడాది ఆగస్టు 29న, పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ చట్టం కింద గోధుమల ఒప్పందం మీద మన సర్కారు సంతకం పెట్టింది. ఆ ఏటి యుద్ధం తర్వాత ఐరాస దళంలో గాజాకు మన సైనికులు పోయారు, 1967 జూన్ అరబ్–ఇజ్రాయెల్ యుద్ధంలో కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు. ఆ జూన్‌లో మూతపడ్డ కాలువ 1975 జూన్ 5 దాకా తెరుచుకోలేదు. ఎనిమిదేళ్ళు. ఇప్పటి గొడవను చూసి ఇంతకుముందు ఎన్నడూ లేదనేవాళ్ళు ఈ ఎనిమిదేళ్ళను మరిచిపోతున్నారు.

ఈసారి ఢిల్లీ గొంతు తగ్గించి మాట్లాడింది. ఎర్ర సముద్రంలో ఓడల కాపలాకు అమెరికా కట్టిన కూటమిలో చేరకుండా సొంత యుద్ధనౌకలను దింపింది. 2023 డిసెంబరు 23న గుజరాత్ తీరానికి దూరంగా కెమ్ ప్లూటో ఓడ మీద డ్రోన్ పడ్డాక, జనవరిలో విదేశాంగ మంత్రి జైశంకర్ హూతీలకు దన్నుగా ఉన్న ఇరాన్ రాజధాని టెహ్రాన్ పోయారు. 2024 మే 13న, మన దగ్గర ఓట్లు పడుతున్న రోజే, ఇరాన్‌లోని చాబహార్ రేవు మీద పదేళ్ళ ఒప్పందం కుదిరింది. అనంతపురం, కర్నూలు ప్రచార సభల్లో వీటి మాట వినపడదు, వినపడాలని కూడా అనను. కానీ డీఏపీ మీద 3,500 ప్యాకేజీని 2025 జనవరి 1న పొడిగించి 3,850 కోట్ల దాకా కేటాయించినప్పుడు, ఆ డబ్బులో కొంత ఓడ చుట్టు తిరిగినందుకే కట్టాం.

ఆఖరుగా మళ్ళీ శనగ, ఎందుకంటే దాని లెక్క రెండు వైపులా తెగుతుంది. 2023 డిసెంబరు 8నే, ఉల్లి నిషేధం పడ్డ రోజే, పసుపు బఠాణీ దిగుమతి మీద సుంకం ఎత్తేశారు. కెనడా బఠాణీ పసిఫిక్ మీదుగా వస్తుంది. రష్యా బఠాణీ నల్ల సముద్రం నుంచి సూయజ్ దారిలో వస్తుంది. బఠాణీ చవకైతే పిండి మిల్లులు శనగపిండిలో అది కలుపుతాయి, బజ్జీల బండి దగ్గర తేడా నాలుకకు అందదు, మార్కెట్ యార్డులో శనగ ధరకు మాత్రం అందుతుంది. 2024 అక్టోబరులో విత్తిన శనగకు మద్దతు ధర 5,650. కాలువ సాఫీగా నడిస్తే అక్టోబరులో డీఏపీ టైముకు వస్తుంది, ఫిబ్రవరిలో బఠాణీ కూడా టైముకు వస్తుంది. కాలువ చెడితే మొదటిది రాదు, రెండోదాని బాడుగ పెరిగి మన శనగకు కాస్త ఊపిరి ఆడుతుంది. బఠాణీ మీద మళ్ళీ సుంకం, 30 శాతం, పడింది 2025 నవంబరు 1న, అంటే ఆ ఏటి శనగ విత్తు సగం పూర్తయ్యాక. అంతకుముందు రెండు పంటలు అమ్ముకున్నవాళ్ళకు అది అక్కరకు రాలేదు.